డెక్కు మీది మనుషులు

2,364 వెండి దిమ్మెలు. హిందూ మహాసముద్రం అడుగున రెండు కిలోమీటర్లకు పైగా లోతులో డెబ్బై అయిదేళ్లు పడి ఉండి, 2017లో పైకొచ్చాయి. వాటిని వెలికితీసినవాళ్లకు వాటి యజమాని దక్షిణాఫ్రికా ప్రతిఫలం ఇవ్వాలా అన్న తగాదా కోర్టుకెక్కింది. చివరికి 2024 మే నెలలో బ్రిటన్ సుప్రీంకోర్టు దక్షిణాఫ్రికా పక్షాన తీర్పు చెప్పింది. ఆ వెండిని మోసుకెళ్లిన ఓడ పేరు తిలావా.

బ్రిటిష్ ఇండియా కంపెనీ వారి పదివేల టన్నుల స్టీమరది. 1942 నవంబరు 20న బొంబాయిలో బయల్దేరింది. మొంబాసా మీదుగా డర్బన్ చేరాలి. 732 మంది ప్రయాణికులు, 222 మంది సిబ్బంది, ఫిరంగి దగ్గర నలుగురు. 23వ తేదీ తెల్లవారుజామున జపాన్ జలాంతర్గామి ఐ-29 టార్పెడో వేసింది. పడవల దగ్గర తొక్కిసలాట. ఓడ మాత్రం వెంటనే మునగలేదు. నిలబడుతుందేమోనన్న ఆశతో కొందరు వెనక్కి వచ్చారు. అప్పుడు రెండో టార్పెడో తగిలింది. రెండు రోజుల తర్వాత బ్రిటిష్ యుద్ధనౌక బర్మింగ్‌హామ్ వచ్చి 674 మందిని నీళ్ల మీంచి ఎత్తుకుంది. ఇంకో నలుగురిని కార్తేజ్ అనే ఓడ కాపాడింది. 280 మంది పోయారు.

ఈ ఓడ మీద నేనొక నవల రాస్తున్నాను. ఆ మాట మా రెడ్డిగూడెం టీ కొట్టు దగ్గర బయటపడిన రోజు ఒకాయన అడిగాడు: "బందరు దాకా వెళ్తేగానీ మనకి సముద్రం కనపడదు కదా సారూ, మామిడితోటలో కూర్చుని ఓడ ముంచుతున్నారా?" ముంచింది నేను కాదని చెప్పాను. అందరూ నవ్వారు గానీ ప్రశ్న మంచిదే. దానికి నా దగ్గరున్న జవాబు పాతదే. చెంఘిజ్ ఖాన్ నవల రాసిన తెన్నేటి సూరి గారు ఆ గుర్రాల దండుని చూశారా? నోరి నరసింహశాస్త్రి గారు రుద్రమదేవి కొలువులో కూర్చున్నారా? చూడనిదాన్ని రాయడమే ఈ నవలల పని.

కాకపోతే వాళ్లకు లేని చిక్కొకటి నాకుంది. కాకతీయుల కథలో పొరపాటు దొర్లితే రుద్రమదేవి మునిమనవలు ఎవరూ ఇంటికొచ్చి నిలదీయరు. 1942 గురించి రాస్తే వస్తారు. ఆ ఓడ ఎక్కినవాళ్ల బిడ్డలు, మనవలు ఇప్పటికీ ఉన్నారు. అందుకని దేన్ని కల్పించాలి, దేని జోలికి పోకూడదు అన్నది నాకు రోజూ ఎదురయ్యే బేరం.

చంద్రుడి సంగతే చూడండి. యుద్ధకాలంలో ఓడలు దీపాలు ఆర్పుకుని నడిచేవి. కాబట్టి మొదటి ముసాయిదాలో కటిక చీకటి రాద్దామనుకున్నాను. చీకట్లో ప్రమాదమంటే పాఠకుడికి వణుకు ఊరికే పుడుతుంది. ఎందుకైనా మంచిదని తిథి లెక్క కట్టాను. ఆ ఏడు దీపావళి నవంబరు 8న వచ్చింది. అంటే 22వ తేదీ రాత్రి కార్తీక పౌర్ణమి! మనవాళ్లు అరటిదొప్పల్లో దీపాలు వదిలే రాత్రి, దీపాలార్పుకున్న ఓడ నిండు చంద్రుడి కింద నడుస్తోంది. ఇంత మంచి సంగతి నా అంతట నేను కల్పించి ఉంటే కృతకంగా ఉందని కొట్టేసుకునేవాణ్ని. చంద్రుణ్ని కదిలించే హక్కు నాకు లేదు. కావాలంటే ఒక మబ్బు తునకని అడ్డం పెట్టుకోవచ్చు, అంతే.

కల్పించింది సత్తెమ్మని. తెలుగువాళ్లకు డర్బన్ కొత్త ఊరేం కాదు. 1860లో మద్రాసు నుంచి కూలీలను ఎక్కించుకుని ట్రూరో అనే ఓడ డర్బన్ ఉన్న నేటాల్ చేరింది మొదలు, మనవాళ్లు అక్కడి చెరకు తోటలకు వెళ్తూ వచ్చారు. 1931కల్లా ఆంధ్ర మహాసభ కూడా పెట్టుకున్నారు. నా సత్తెమ్మ మొగుడు అక్కడున్నాడు. ఆమె కాకినాడలో పుట్టింటి దగ్గర ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు కాకినాడ మీదా విశాఖపట్నం మీదా బాంబులు వేశాయి. ఆ ఒక్కరోజే ఒరిస్సా, ఆంధ్ర తీరాల పొడుగునా ఇరవై దాకా వర్తక నౌకలు మునిగాయి. విశాఖలో చాలామంది ఊరొదిలి వెళ్లిపోయారు. అప్పుడు పడ్డ బాంబొకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ ఉంది, వెళ్తే చూడండి. ఈ సముద్రం ఒడ్డున బతకలేమని, పెద్దవాళ్లు సత్తెమ్మని మొగుడి దగ్గరికి పంపించేస్తారు. బొంబాయి రైలెక్కిస్తారు.

డెక్కు టికెట్టంటే చాప పరిచినంత మేరే ఇల్లు. తలకింద రేకుపెట్టె, పక్కన మరచెంబు, అవతలి చాప మీద గుజరాతీ కుటుంబం. టార్పెడో తగిలాక ఎవరో ఆమె చేతిలో నీళ్లలో తేలడానికి వేసుకునే బెండు జాకెట్టు పెడతారు. దాన్ని పైట మీద వేసుకోవాలా, పైట లోపల వేసుకోవాలా? ఆ తాళ్లెక్కడ ముడివేయాలి? ఈ ఒక్క పేరా దగ్గర నేను చాలాకాలం ఆగిపోయాను. చివరికి పక్కచాప గుజరాతీ ముసలావిడ మాట్లాడకుండా సత్తెమ్మ పైట కొంగు నడుముకు బిగించి, ఆ పైన జాకెట్టు తాళ్లు ముడేసింది. ఒకరి భాష ఒకరికి రాదు. అక్కడితో ఆ అధ్యాయం కదిలింది.

యుద్ధకాలపు ఓడ మీద లోకంలో పెద్ద నవలలే వచ్చాయి. 1945 జనవరి 30న బాల్టిక్ సముద్రంలో విల్‌హెల్మ్ గుస్ట్‌లోఫ్ మునిగి వేలమంది జర్మన్ కాందిశీకులు చచ్చిపోయారు. దాని మీద గుంటర్ గ్రాస్ 2002లో ఒక నవల రాశాడు, రూటా సెపెటిస్ 2016లో మరొకటి రాసింది. సెపెటిస్ నలుగురు యువతీయువకుల చేత వంతులవారీగా కథ చెప్పిస్తుంది. చదివిస్తుంది గానీ, గొంతు మారినప్పుడల్లా ఓడ ఊపు తగ్గిందనిపిస్తుంది నాకు. గ్రాస్ కథకుడు ఓడ మునిగిన రాత్రే పుట్టినవాడు. ఏదీ చూడలేదు, అమ్మ చెప్పగా విసుగొచ్చేదాకా విన్నాడు. నాకా పద్ధతి నచ్చింది. రెడ్డిగూడెంలో కూర్చున్నవాడికి అంతకుమించి దారి కూడా లేదు.

ఇక ఐ-29 సంగతి. తిలావాను ముంచిన అయిదు నెలలకు, 1943 ఏప్రిల్ చివర్లో, మడగాస్కర్ దగ్గర నడిసంద్రంలో ఇదే జలాంతర్గామి ఒక జర్మన్ జలాంతర్గామి నుంచి ఇద్దరు భారతీయులను ఎక్కించుకుంది. ఒకరు ఆబిద్ హసన్, మన హైదరాబాదు మనిషి. రెండోవారు నేతాజీ సుభాష్ చంద్రబోస్. ఈ సంగతి తెలిసినవాళ్లు ఇది నవలలో పెట్టి తీరాలంటారు. సత్తెమ్మ తమ్ముణ్ని ఆజాద్ హింద్ ఫౌజులో చేర్చి, ఒకే జలాంతర్గామి ఇటు అక్కను ముంచిందనీ అటు నాయకుణ్ని మోసిందనీ రాయమంటారు. సినిమా అయితే బాగుంటుంది. నేను రాయను. నిజమే అయినా, నవలలో పెడితే అబద్ధంలా మోగే సంగతులుంటాయి. పైగా 1942 నవంబరులో నీళ్లలో ఉన్న మనిషికి తనను ముంచిందేదో తెలియదు, రేపు అందులో ఎక్కబోయేదెవరో అసలే తెలియదు. ఆమెకు తెలియనిదాన్ని ఆమె కథలో జొప్పించడం నాకిష్టం లేదు. అది ఆ జలాంతర్గామి కథ, ఎవరైనా రాస్తే సంతోషంగా చదువుతాను.

ఆనాటి పత్రికల్లో ఓడ దిగినవాళ్ల జాబితాలు వేసేవారు. పై తరగతి దొరలకూ దొరసానులకూ పేర్లుంటాయి. డెక్కు వాళ్లకు చాలాసార్లు అంకె మాత్రమే ఉంటుంది, ఇన్ని వందలమంది అని. అందుకే దొరల పాత్రలు కల్పించను, ఆ అంకెలోంచే మనుషుల్ని తీస్తాను. దానికి కావలసిన సరుకు లైబ్రరీల్లో తక్కువ, ఇళ్లలో ఎక్కువ. ఇది చదివేవారి కుటుంబాల్లో డర్బన్‌కో, రంగూన్‌కో, మలయాకో వెళ్లినవాళ్లుంటే, అటకమీది పెట్టెల్లో పాత టికెట్టో, పాసుపోర్టో, ఉత్తరమో ఉంటే ఒకసారి దించి చూడండి. ఓడ పేరు, ఎక్కిన రేవు, తేదీ ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఇంట్లో ఆ సంగతులు తెలిసిన ముసలివాళ్లుంటే ఆలస్యం చేయకుండా కూర్చోబెట్టి అడగండి.