నైట్ డ్యూటీ దిగి క్లాసుకి

లీటరు సెలైన్ ఎనిమిది గంటల్లో ఎక్కాలంటే, మిల్లీలీటరుకు 20 చుక్కల సెట్‌తో నిమిషానికి సుమారు 42 చుక్కలు పడాలి. వార్డులో పదేళ్లు చేసిన సిస్టర్‌కి ఇది లెక్క కాదు, చూపు. వాచీ వంక ఓసారి, పడే చుక్క వంక ఓసారి చూసి వేలితో రోలర్ కాస్త తిప్పుతుంది, అంతే. అలాంటావిడ పుస్తకాల సంచి తగిలించుకుని, అదే లెక్కకి సూత్రం రాయడానికి మళ్లీ బెంచీ మీద కూర్చోవడం నాకు భలే ముచ్చట.

మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా జీఎన్‌ఎం చదివి, నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టరైన నర్సులకి డిగ్రీ దారి పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్. విజయవాడ ఎన్టీఆర్, వరంగల్ కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయాల కింద కాలేజీల్లో రెండేళ్లు. ఉద్యోగం వదల్లేనివాళ్ల కోసం ఇగ్నో తెచ్చిన దూరవిద్య కోర్సు మూడేళ్లది. మైక్రోబయాలజీ వరకు ఫర్వాలేదు గానీ, పరిశోధన, గణాంకాల దగ్గరికొచ్చేసరికి చాలామందికి చెమటలే. నైట్ డ్యూటీ దిగి, పిల్లాడికి క్యారేజీ కట్టి, కళ్లు మండుతుండగా సగటు, మధ్యగతం నేర్చుకోవడం మాటలా? (జీతం ఎంత పెరుగుతుందని మాత్రం అడక్కండి.)

మంచాన పడ్డ రోగిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని ఆ సిస్టర్‌కి చేయి ఎప్పుడో నేర్పింది. ఎముక ఒత్తిన చోట రక్తం ఆడక చర్మం చచ్చిపోతుందని ఇప్పుడు విడమరిచి చెప్పగలదు.

అర్ధరాత్రి దాటాక, కొత్తగా చేరిన అమ్మాయిని పిలుస్తుంది: "రామ్మా, తాతగారిని తిప్పాలి. భుజం పట్టు. ఎందుకో తెలుసా?"