హంతకుని వేషము - నటుని కీర్తి

పేరుగన్న నటుడు రంగమునకు ఒంటరిగా రాడు. ఏండ్లతరబడి గడించిన కీర్తియు, ప్రేక్షకుల మమకారమును వానివెంట వచ్చును. కల్పిత పాత్రకు ఇది యలంకారమే. వేషము నిజముగా బ్రదికిన హంతకునిదైనచో ఆ మమకార మెవరికి చెందవలెను? 2015లో వెలువడిన ‘బ్లాక్ మాస్’ అను అమెరికా చలనచిత్రమును చూచినది మొదలు ఈ ప్రశ్నము నన్ను విడువకున్నది.

ఈ చిత్రమునకు స్కాట్ కూపర్ దర్శకుడు. బోస్టన్ నగరపు ముఠానాయకుడు జేమ్స్ బల్జర్ ఇందలి ప్రధాన పాత్ర. జానీ డెప్ ఆ వేషము ధరించెను. నిజమైన బల్జర్ 1994 డిసెంబరులో పరారియై, 2011 జూనులో కాలిఫోర్నియాలోని సాంటా మోనికాలో పట్టుబడెను. 2013లో 11 హత్యలందు వానికి భాగము కలదని తేలి, రెండు యావజ్జీవ శిక్షలు పడినవి. 2018లో చెరసాలలోనే హతుడయ్యెను.

డెప్ నటనను తక్కువచేయుట నా యుద్దేశము గాదు. పలుచబడిన జుట్టుతో, నీలికన్నులతో ఆతడు తన సహజరూపమును మరపించినాడు. భోజనపు బల్లయొద్ద నొక అధికారి, మాంసము వండు విధము తన యింటి రహస్య మనుచునే దానిని చెప్పివేయును. ఇంత సులభముగా ఇంటిగుట్టు విప్పినవాడు నా గుట్టు దాచునా యని బల్జర్ నిలదీయును. పిదప పరిహాసమని నవ్వివేయును. కత్తి యెత్తకయే ఇంత భయము పుట్టించుట సామాన్యులకు సాధ్యము గాదు.

అయినను ఈ చరిత్రమందలి వింత బల్జర్ క్రౌర్యమున లేదు. క్రూరులు లేని నగర మేది? ఎఫ్.బి.ఐ. యను కేంద్ర నేరపరిశోధక శాఖ వానిని తన రహస్య వార్తాహరుల పట్టికలో చేర్చుకొని, ఏండ్లకొలది కాపాడుటయే వింత. వానిని బాల్యమునుండి యెరిగిన జాన్ కొనొలీ యను అధికారి శాఖలోని రహస్యములను వాని చెవిని వేసెను. అరెస్టు రానున్నదని హెచ్చరించెను. ఈ యధికారి 2002లో శిక్షితుడయ్యెను; 2008లో ఫ్లోరిడాయందు ఒక హత్యాభియోగమున దోషిగా తేలెను. 1982లో బల్జర్ ముఠా కాల్పులలో ఇరువురు చనిపోయిరి. వారిలో నొకడు తెలిసినవానిని ఇంటికి దిగబెట్టబోయిన నిరపరాధి. ప్రభుత్వము ఆ కుటుంబములకు నష్టపరిహార మీయవలెనని 2009లో తీర్పు వచ్చెను. దావా ఆలస్యముగా వేసిరని 2011లో పై న్యాయస్థానము దానిని కొట్టివేసెను.

ఇట్టి కథకు కేంద్రము తుపాకి పట్టినవాడా, బల్లవెనుక కూర్చుండి కాగితములు వ్రాసినవాడా? కొనొలీ పాత్రను జోయెల్ ఎడ్జర్టన్ చక్కగా పోషించెను. కాని యేమి లాభము? ప్రేక్షకుని కన్ను డెప్ ఎప్పుడు వచ్చునా యని తలుపువైపే చూచుచుండును. హంతకుని స్థానమున ప్రసిద్ధుని నిలిపిననాడే త్రాసు ఒకవైపు మ్రొగ్గినది. ఒక ప్రభుత్వశాఖ చేసిన పాపము ఒక రాక్షసుని విచిత్రచరిత్రముగా మారినది. చూచినవారు రాక్షసుని తలచుకొనుచు ఇండ్లకు పోవుదురు. శాఖను గూర్చి యడుగువారుండరు.

నందమూరి తారక రామారావు ‘భూకైలాస్’లో రావణుడై, ‘దానవీరశూరకర్ణ’లో దుర్యోధనుడై మన మెప్పు పొందలేదా, ప్రతినాయకుని వేషము ప్రసిద్ధునికి తగదా యని యొకరడుగవచ్చును. తగును. రావణునిచేత చచ్చినవారి భార్యాబిడ్డలు టిక్కెట్టు కొని మన ప్రక్కను కూర్చుండరు. బోస్టనులో అట్టివారు నేటికిని కలరు. తండ్రిని చంపినవాని ముఖమునకు జనులు చప్పట్లు కొట్టుచుండగా వారు వినవలసివచ్చును. పురాణమునకును ఇటీవలి రక్తమునకును గల భేద మిదియే.

ఇట్టి చిత్రములను నిషేధింపుమని నే ననను. నిజము చెప్పు కళను నోరు నొక్కువాడు హంతకునికే మేలు చేయును. నా కోరిక చిన్నది: పాత్రలను పంచునప్పుడు దర్శకుడు ఒక్క తడవ తారుమారు చేసి చూడవలెను. ఆ గొప్పనటుడు ఉద్యోగి కుర్చీలో కూర్చుండి, ఎవరు నెరుగని ముఖము బల్జర్‌దై యుండిన, కాగితముమీద సంతకము పడుచున్నప్పుడే మన గుండె జల్లుమనెడిది. ఆ భయము మనకు అవసరము. తుపాకి పట్టినవానిని చూచి పరుగెత్తుట ఎవరును నేర్పనక్కరలేదు. వానికి రక్షణ యిచ్చు కలమును గుర్తించుటయే నేర్వవలసిన విద్య.