బాలాజీ వారి ఇల్లు, మన ఇల్లు

మారిషస్‌లోని మన తెలుగు ఇళ్ళలో సాయంకాలం హిందీ ధారావాహికలు చూడనివారు తక్కువ. చూడడం తప్పు కాదు. కాని చూసినదాన్ని గురించి కొంచెం ఆలోచించడం మంచిది. ఆ ధారావాహికలకు దారి వేసిన బాలాజీ టెలీఫిల్మ్స్ సంస్థ గురించి నా అభిప్రాయాలను పాఠకుల ముందు ఉంచుతున్నాను.

ఇది ఒక కుటుంబం నడుపుతున్న సంస్థ. 1994లో ముంబయిలో ఆరంభమైనది. తండ్రి సినీనటుడు జితేంద్ర, తల్లి శోభా కపూర్, కుమార్తె ఏక్తా కపూర్. సంస్థకు పెట్టుకున్న పేరు మన తిరుపతి వేంకటేశ్వరస్వామిది. తెలుగుతో వారికి మరొక సంబంధం కూడా ఉన్నది. 1980లలో జితేంద్ర నటించిన చిత్రాలలో అనేకం తెలుగు కథలే. రాఘవేంద్రరావు గారు ‘ఊరుకి మొనగాడు’ (1981)ను ‘హిమ్మత్‌వాలా’ (1983)గా, ‘దేవత’ (1982)ను ‘తోఫా’ (1984)గా హిందీలో తీశారు. ‘దేవత’ అక్కచెల్లెళ్ళ త్యాగకథ. కన్నీళ్ళతో ఇల్లు నిలబెట్టే స్త్రీ మన తెరకూ పాత చుట్టమే. కనుక తప్పంతా పరాయివారిదే అనడానికి వీలులేదు.

ఈ సంస్థ తొలి విజయం ‘హమ్ పాంచ్’. 1995లో జీ టీవీలో వచ్చినది. ఒక మధ్యతరగతి తండ్రి, అయిదుగురు కుమార్తెలు, నవ్వులు. ఆ ఇంటి గొడవలు మన పొరుగింటి గొడవల్లాగే ఉంటాయి. 2000 జూలైలో స్టార్ ప్లస్‌లో ‘క్యోంకి సాస్ భీ కభీ బహూ థీ’ మొదలైన తరువాత ఇల్లు మారిపోయినది. అది 2008 దాకా 1800కు పైగా భాగాలు సాగినది. 2025 జూలైలో మళ్ళీ మొదలుపెట్టారు.

మంచిని ముందు చెప్పాలి. సినిమాలో నలభై ఏళ్ళు దాటిన స్త్రీకి మూల కూర్చునే వేషమే దొరికే రోజులలో, ఈ కథలో తల్లి, అత్త, అవ్వ ముఖ్యపాత్రలు. కన్నకొడుకు దుర్మార్గుడైతే తులసి వాడి పక్షం వహించలేదు. అటువంటి ఘట్టాలను మన ఆడవారు ఊరికే చూడలేదు. న్యాయమేదో వాదించుకుంటూ చూశారు.

ఇక లోపాలు. మన రామభజన రాత్రంతా సాగినా తెల్లవారేసరికి మంగళం పాడతాము. ఈ కథలకు మంగళం లేదు. ప్రేక్షకులు ఉన్నంతకాలం కథ నడవాలి గనుక, చనిపోయిన మిహిర్ తిరిగి వస్తాడు, ఒక్కసారిగా ఇరవై ఏళ్ళు గడిచిపోతాయి. ఒక మాట అనగానే అందరి ముఖాలూ ఢమఢమ వాద్యాలతో వరుసగా చూపుతారు. కథ అడుగు వేయకుండానే కాలం గడిచిపోతుంది.

వీటికంటే పెద్ద లోపం, ఆ ఇంట్లో శ్రమ కనబడదు. వ్యాపారమంటే సంతకాలూ ఆస్తి తగాదాలూ. పట్టుచీరలు నలగవు, చేతులకు మసి అంటదు. మన ముత్తవ్వలు చెరకు తోటలలో పనిచేసి, కాంపు ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించి పిల్లలను పెంచారు. వారికీ అత్తాకోడళ్ళ పోరు ఉండే ఉంటుంది. కాని తెల్లవారితే ఇద్దరూ పనికి పోవలసినదే. ఆ పని లేకుండా ఆ కుటుంబం కథ చెప్పలేము.

విచిత్రమేమంటే, ఈ సంస్థను నిలబెట్టినది స్త్రీల శ్రమే. కుమార్తె పంతొమ్మిదో ఏట పని ఆరంభించినది. కథల భారం ఆమెది, నిర్వహణ భారం తల్లిది. తల్లీకూతుళ్ళు కలిసి ఒక పరిశ్రమను నడిపిన ఆ కథ వారి పేరుపొందిన ధారావాహికలలో కనబడదు. తెరమీది కోడలికి మాత్రం ఓర్పే గొప్ప గుణమని బోధించారు.

టెలివిజన్ కట్టివేయమని నేను అనను. పిల్లలతో కలిసి చూడండి. ఈ ఇంట్లో వంట ఎవరు చేశారు, డబ్బు ఎవరు సంపాదించారు అని వారిని అడగండి. తరువాత మన అవ్వ ఏ తోటలో పనిచేసినది, ఎన్ని గంటలకు లేచేది, ఎవరితో పోట్లాడేది అన్నది తెలిసినంతవరకు తెలుగులో చెప్పండి. మాట తడబడినా ఫరవాలేదు. ఆ కథ తీయడానికి ముంబయి నుండి ఎవరూ రారు.