స్వీయశోకము - కరుణరసము: చలనచిత్ర ప్రేక్షకుని గూర్చి ఒక పరిశీలనము

చలనచిత్రము చూచి కంటతడి పెట్టిన ప్రేక్షకుడు తన మనసు తేలికపడినదని చెప్పుట లోకమున నిత్యము వినబడు మాట. పండితులు ఈ మాటను తఱచుగా ఉపేక్షింతురు. ఆ కన్నీరు క్షణికమగు భావావేశమే కాని రసము కాదని కొందఱి తలంపు. దుఃఖమును చూచినవానికి సుఖమెట్లు కలుగునను ప్రశ్న మన ఆలంకారికులకు క్రొత్తది కాదు. ఆ ప్రశ్నను నాటకమునకు మాత్రమే వేసి చలనచిత్రమునకు వేయకుండుట న్యాయము కాదు. తెలుగు చలనచిత్రమున ప్రేక్షకుని స్వీయశోకమును కరుణరసముగా పరిణమింపజేయు ప్రధానసాధనములలో పాట యొకటి యనియు, పాటను కథకు అడ్డమని మాత్రమే ఎంచు విమర్శ దీనిని గుర్తింపలేదనియు నిరూపించుట యీ వ్యాసోద్దేశము.

దుఃఖార్తులకును, శ్రమార్తులకును, శోకార్తులకును నాట్యము విశ్రాంతి నొసగునని భరతుడు నాట్యశాస్త్ర ప్రథమాధ్యాయమున చెప్పెను. ఆయన చెప్పినది విశ్రాంతి, విస్మృతి కాదు. దుఃఖమును మఱచుట వేఱు, దుఃఖమునందే మనసు నిలుకడ పొందుట వేఱు. చలనచిత్రమును కేవలము కాలక్షేపముగా భావించువారు మొదటిదానిని మాత్రమే చూచుచున్నారు. భట్టనాయకుడు సాధారణీకరణమను వ్యాపారమును చెప్పి, రంగముపైని శోకము ఫలానావానిదను పరిమితిని వీడినపుడు ఆస్వాద్యమగునని సమర్థించెను. నాట్యదర్పణకర్తలైన రామచంద్ర గుణచంద్రులు మాత్రము కరుణాదులు దుఃఖాత్మకములే యనియు, ప్రేక్షకునకు కలుగు చమత్కారము కవినటుల కౌశలము వలన వచ్చినదే యనియు వాదించిరి. ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. ఏలయన, సాధారణీకరణమునకు లొంగని శోకమొకటి కలదు. అది ప్రేక్షకుని సొంతశోకము.

ఈ చిక్కును శాస్త్రకారులకన్న సూక్ష్మముగా చూపినవాడు భవభూతి. ఉత్తరరామచరితము మొదటి అంకమున సీతారాములు తమ కథనే చిత్రపటములందు చూతురు. శూర్పణఖ చిత్రమును చూచి సీత భయపడగా, ఇది చిత్రమేయని రాముడు ధైర్యము చెప్పును. అంతలోనే జనస్థాన వృత్తాంతమును చూచి తానే కలత చెందును. ఏడవ అంకమున వాల్మీకి రచించిన నాటకమును రాముడు ప్రేక్షకుడై చూచును. ఇది నాటకమని లక్ష్మణుడు గుర్తుచేసినను ప్రయోజనము లేదు. సీత భూమితో రసాతలమున కేగుట చూచి రాముడు మూర్ఛిల్లును. ఆ సభలో రాముడు రసికుడు కాజాలడు, ఆ కథ ఆయనదే కనుక. నిజమైన సీత వచ్చి స్పృశించినపుడే ఆయన తేరుకొనును. కాని బిడ్డను కోల్పోయిన తల్లి సీతాపరిత్యాగమును తెరపై చూచి యేడ్చినపుడు, పోయినవారిని చేయిపట్టి తెచ్చి యెదుట నిలుపు అరుంధతి ఆమెకు లేదు. ఆమెకు విశ్రాంతి యెక్కడిది?

దీనికి సమాధానము అభినవగుప్తుని రసవిఘ్న విచారమున లభించుచున్నది. రసప్రతీతికి ఆయన చెప్పిన ఏడు విఘ్నములలో ఒకటి ప్రేక్షకుడు తన సుఖదుఃఖములకు వశుడై యుండుట. ఈ విఘ్నమునకు విరుగుడుగా వాద్యము, గానము, అలంకృతమగు మండపము మున్నగువానిని ఆయన పేర్కొనెను. వీనివలన హృదయము నిర్మలమై, సహృదయుడు కానివాడు కూడ సహృదయుడు కాగలడని ఆయన మతము. గానము ఇచట అలంకారము కాదు. స్వశోకమునుండి ప్రేక్షకుని ఒక యడుగు ఇవతలకు తెచ్చు ఉపాయము.

1963లో వెలువడిన లవకుశ చిత్రము దీనికి చక్కని నిదర్శనము. చిత్తజల్లు పుల్లయ్య 1934లో ఒకసారి తీసిన కథనే సి. ఎస్. రావుతో కలసి మరల తీసెను, సంగీతము ఘంటసాలది. అందు లవకుశులు రామకథను గానము చేయుదురు. పి. లీల, పి. సుశీలల కంఠములలో ఆ గానము తెలుగువారికి కంఠస్థమైనది. పాడువారు సీతాపుత్రులే, కాని తాము పాడుచున్నది తమ కథయని వారెఱుగరు. కావున ఆ శోకము వారి నోట ఏడ్పుగా కాక గాథగా వెలువడుచున్నది. భట్టనాయకుడు సూత్రీకరించినదానికి ఇంతకన్న ప్రత్యక్షరూపము దుర్లభము. తెరపై ఆ పాటను వినువారి ముఖములు కూడ మనకు కనబడును. మన ప్రేక్షకురాలు ఆ శ్రోతలలో ఒకతెయై, తన శోకము నలుగురిలో పాడదగిన శోకమే యని గ్రహించును. ఇంటికి పోయినపిదప ఆ పాటను కూనిరాగముగా తీయును. అంతవఱకు రూపము లేని బాధకు ఒక రాగము, ఒక తాళము, ఒక ముగింపు ఏర్పడినవి.

1953 నాటి దేవదాసు చిత్రమున ఇదే కార్యము వేఱొక రీతిగా జరిగినది. శరత్‌చంద్రుని నవల యాధారముగా వేదాంతం రాఘవయ్య దర్శకత్వమున వెలువడిన ఈ చిత్రమునకు సముద్రాల రాఘవాచార్య పాటలు వ్రాసెను. చిత్రము విడుదలకు ముందే 1952లో గతించిన సి. ఆర్. సుబ్బురామన్ సంగీతము కూర్చెను. దేవదాసు త్రాగి పలుకు మాటలు అతని పార్వతిని గూర్చినవి. అతని నోట ఘంటసాల గళమున వినవచ్చు విషాదగీతము మాత్రము లోకస్వభావమును, జీవితపు అస్థిరతను గూర్చినది. మాట వ్యక్తికి పరిమితము. పాట వ్యక్తిని దాటినది. ప్రేమలో ఏనాడును విఫలుడు కాని గృహస్థు కూడ ఆ పాటకు చలించుట కిదియే కారణము.

అయినను ప్రతిపాటకును ఈ ఘనత చెల్లదు. అప్రధానము ప్రధానమును కప్పివేయుటయు అభినవగుప్తుడు చెప్పిన విఘ్నములలో ఒకటి. సన్నివేశమునందు పుట్టక, నటుని ప్రతాపమునకో విదేశదృశ్య ప్రదర్శనమునకో చేర్చిన పాట ఒక విఘ్నమును తొలగించు నెపమున మఱియొక విఘ్నమును తెచ్చిపెట్టును. కావున విమర్శకుడు అడుగవలసిన ప్రశ్న పాట ఉన్నదా లేదా యని కాదు. ఆ పాట శోకమును వ్యక్తినుండి విడిపించినదా, లేక ప్రేక్షకునే కథనుండి విడదీసినదా యని.

నేటి వీక్షణరీతిలో ఈ ప్రశ్నకు ప్రాముఖ్యము హెచ్చినది. ఇప్పుడు పలువురు చిత్రమును చేతిలోని ఫోనులో ఒంటరిగా చూచుచున్నారు. ఇందు మేలు లేకపోలేదు. నలుగురిలో ఏడ్చుటకు సిగ్గుపడువాడు ఏకాంతమున నిస్సంకోచముగా ఏడ్వవచ్చును. కాని మండపము లేదు, తోడి ప్రేక్షకుడు లేడు. పాట రాగానే మీట నొక్కి దాటవేయు వెసులుబాటు మాత్రము కలదు. అభినవగుప్తుడు చెప్పిన ఉపాయములను ఒక్కొక్కటిగ తొలగించుకొని, మిగిలిన దుఃఖదృశ్యముతో ప్రేక్షకుడు ఒంటరిగా నిలిచియున్నాడు. అతని కన్నీరు విశ్రాంతి కాక, ఉత్తరరామచరితమందలి రాముని మూర్ఛకు చేరువ యగు ప్రమాదము కలదు.

పరిశోధక విద్యార్థులు ఈ విషయమున చేయదగిన పని చాల కలదు. ప్రేక్షకులను చిత్రము బాగున్నదా యని మాత్రమే అడుగక, ఏ ఘట్టమున కన్నీరు వచ్చినది, అది మాటకు వచ్చినదా పాటకు వచ్చినదా, పిదప మనసుకు ఊరట కలిగినదా, బరువు హెచ్చినదా యని అడిగి తెలిసికొనవలెను. రసశాస్త్రమును పరీక్షలకై వల్లించు మనము, ఆ శాస్త్రము ఎవరి కొఱకు పుట్టినదో మఱవరాదు. శోకార్తులకు విశ్రాంతి కలిగించుటయే నాట్యప్రయోజనములలో ఒకటియని భరతుడు చెప్పెను గదా. ఆ శోకార్తుడు నేడు చలనచిత్రశాలలోనో, చేతిలోని తెర యెదుటనో కూర్చుండియున్నాడు. అతని కన్నీటిని పరిహసించుట విమర్శ కాదు. అది రసమగుటకు అడ్డుపడుచున్నదేమో కనుగొనుట విమర్శ.