తెర రూపం సర్వర్ చేతిలో

వెబ్ అప్లికేషన్‌లో ఏ పెట్టె, ఏ జాబితా, ఏ బటన్ కనిపించాలో సర్వరే నిర్ణయించి, హెచ్‌టీఎంఎల్‌గా సిద్ధం చేసి పంపే పద్ధతిని సర్వర్ ఆధారిత ఇంటర్‌ఫేస్ అంటారు. బ్రౌజర్ దాన్ని చూపించి, నింపిన వివరాలను తిరిగి సర్వర్‌కు చేరవేస్తుంది. సమాచారం, నిబంధనలు, తెర రూపం ఒకేచోట ఉండటమే దీని బలం.

వెబ్ తొలి అడుగులు ఇలాగే పడ్డాయి. 1993 నాటి సీజీఐ, 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ విడుదల చేసిన పీహెచ్‌పీ పేజీని సర్వర్‌లోనే తయారుచేసేవి. 2013లో రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ వచ్చాక చాలా సంస్థలు సర్వర్ నుంచి జేసన్ రూపంలో సమాచారం మాత్రమే తెప్పించుకుని, తెరను బ్రౌజర్‌లోని జావాస్క్రిప్ట్‌తో కట్టడానికి మళ్లాయి. అప్పుడు నిబంధనలు కొన్ని సర్వర్‌లో, కొన్ని బ్రౌజర్‌లో రాయాల్సి వచ్చింది.

ఒకేచోట ఉండటం వల్ల లాభమేమిటో ఉత్తర తెలంగాణ పటం చూస్తే తెలుస్తుంది. 2016 అక్టోబర్ 11న రాష్ట్రంలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. పాత కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు వచ్చాయి. పాత ఆదిలాబాద్ నుంచి నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలు ఏర్పడ్డాయి. ఆదాయ ధ్రువపత్రం వంటి దరఖాస్తులో జిల్లా, మండలం, గ్రామం వరుసగా ఎంచుకోవాలి. ఆ జాబితాలు ఫోన్లలోని యాప్‌లో ఉంటే, అందరూ అప్‌డేట్ చేసుకునేదాకా పాత జిల్లాలే కనిపిస్తాయి. సర్వర్ నుంచే వస్తే, అక్కడ ఒక్కసారి మార్చగానే ఆ తర్వాత తెరిచిన ప్రతి ఫారంలోనూ కొత్త జిల్లా వస్తుంది.

ఈ ఫారాన్ని కట్టడానికి హెచ్‌టీఎంఎక్స్ లైబ్రరీ బాగా పనికొస్తుంది. కార్సన్ గ్రాస్ 2013 నాటి తన ఇంటర్‌కూలర్ లైబ్రరీని తిరగరాసి 2020లో దీన్ని తెచ్చారు. జిల్లా పెట్టెకు హెచ్‌ఎక్స్-గెట్ అనే ఆట్రిబ్యూట్‌లో సర్వర్ చిరునామా, హెచ్‌ఎక్స్-టార్గెట్‌లో మారాల్సిన పెట్టె గుర్తు రాస్తారు. రాజన్న సిరిసిల్ల ఎంచుకోగానే ఆ ఎంపిక సర్వర్‌కు వెళుతుంది. వేములవాడ, చందుర్తి, ముస్తాబాద్ వంటి పేర్లున్న హెచ్‌టీఎంఎల్ ముక్క తిరిగొస్తుంది. పేజీ కదలదు, మండలాల పెట్టె ఒక్కటే మారుతుంది.

దరఖాస్తు సమర్పించేచోట మరో పాత మెళకువ ఉంది. వివరాలు భద్రపరిచాక సర్వర్ రసీదును నేరుగా చూపకుండా, రసీదు చిరునామాకు బ్రౌజర్‌ను మళ్లిస్తుంది. అప్పుడు రిఫ్రెష్ నొక్కినా దరఖాస్తు రెండోసారి పడదు. వయసు, ఆదాయ పరిమితి వంటి తనిఖీలు మాత్రం ప్రతిసారీ సర్వర్‌లో జరగాల్సిందే. బ్రౌజర్‌లో బటన్ దాచినంత మాత్రాన రక్షణ ఉండదు.

ఇదే ఆలోచనకు వేరే రూపాలూ ఉన్నాయి. రూబీ ఆన్ రెయిల్స్ ఫ్రేమ్‌వర్క్‌లో హాట్‌వైర్ ఇలాగే హెచ్‌టీఎంఎల్ ముక్కలు పంపుతుంది. ఫీనిక్స్ ఫ్రేమ్‌వర్క్‌లోని లైవ్‌వ్యూ వెబ్‌సాకెట్ అనే కనెక్షన్‌ను తెరిచి ఉంచి మారిన భాగాలనే పంపుతుంది. మొబైల్ యాప్‌లలో సర్వర్ తెర వర్ణనను జేసన్‌గా పంపితే, యాప్ తన దగ్గరున్న భాగాలతో దాన్ని గీస్తుంది.

పరిమితి కూడా స్పష్టమే. ప్రతి అడుగుకూ సర్వర్ జవాబు కావాలి. సిగ్నల్ అందని అటవీ గూడేల్లో సర్వే చేసే సిబ్బందికి, వివరాలను ఫోన్‌లోనే దాచి తర్వాత పంపే యాప్ కావాలి. చిత్రాలు గీసే పరికరాలకూ ఈ పద్ధతి చాలదు. ధ్రువపత్రాలు, కళాశాల ప్రవేశాలు, మార్కెట్ యార్డు పద్దుల వంటి ఫారాల పనికి మాత్రం ఇది సరిగ్గా సరిపోతుంది. రాయాల్సిన కోడ్ తగ్గుతుంది, పాత ఫోన్‌పై భారం తగ్గుతుంది, చిన్న బృందమే ఏళ్ల తరబడి నడపగలుగుతుంది.