ఇంటిపేరూ ఇంటినంబరూ

సర్వర్‌లో రెండు నెట్‌వర్క్ కార్డులున్నాయనుకోండి. ఒకటి బయటి ఇంటర్నెట్‌కి, రెండోది లోపలి ఆఫీసుకి. పాత లినక్స్‌లో కర్నెల్ కంట ముందు పడ్డది ఈత్0, తర్వాతది ఈత్1. డ్రైవర్లు ఒకేసారి లోడయ్యే రోజులు వచ్చాక ఈ వరస నమ్మరానిదైంది. ఫైర్‌వాల్ పేరునే చూస్తుంది, కార్డును కాదు. రీబూట్‌లో పేర్లు తారుమారైతే లోపలివాళ్ల కోసం తెరిచిన తలుపు బయటివాళ్లకు తెరుచుకుంటుంది.

ఫ్రీబీఎస్‌డీ మొదటినుంచీ డ్రైవర్ పేరే పెడుతుంది. ఇంటెల్ కార్డు ఈఎమ్0, రియల్‌టెక్ కార్డు ఆర్ఈ0. మన ఇంటిపేరులాగే వినగానే ఏ వంశమో తెలుస్తుంది. లాగ్‌లో ఆర్ఈ0 తడబడుతుంటే ఏ డ్రైవర్‌ని అనుమానించాలో ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ఈ గుణం నాకు చాలా ఇష్టం. కానీ ఇంటెల్ కార్డు కాలిపోయి ఆ చోట రియల్‌టెక్‌ది పెడితే, ఆర్‌సీ.కాన్ఫ్‌లో ఈఎమ్0 కోసం రాసిన సెట్టింగు దిక్కులేనిదవుతుంది. ఒకే వంశపు కార్డులు రెండుంటే సున్నా ఎవరన్నది మళ్లీ కర్నెల్ చూసిన వరసే.

లినక్స్ మొదట మ్యాక్ అడ్రసును పట్టుకుంది. యూడెవ్ ఒక ఫైలులో ఫలానా మ్యాక్‌కి ఫలానా పేరని రాసిపెట్టేది. వర్చువల్ మెషీన్‌ని క్లోన్ చేసినవాళ్లకు దీని బాధ తెలుసు. క్లోన్‌కి కొత్త మ్యాక్ వస్తుంది, పాత రాత అలాగే ఉంటుంది. ఉన్న ఒక్క కార్డూ ఈత్1 అయి కూర్చుంటుంది, ఈత్0 కోసం రాసిన ఐపీ ఎవరికీ అందదు.

2013లో సిస్టమ్‌డీ 197తో దారి మారింది. ఇక పేరు చోటును బట్టి. ఈఎన్‌పీ3ఎస్0 అంటే ఈథర్నెట్, 3వ పీసీఐ బస్సు, 0వ స్లాట్. ఇది ఇంటినంబరు. అద్దెకున్నవాళ్లు మారినా నంబరు మారదు కనుక, అదే స్లాట్‌లో ఏ కంపెనీ కార్డు పెట్టినా సెట్టింగులు పనిచేస్తాయి. ఫ్రీబీఎస్‌డీ తడబడిన చోట ఇది నిలబడింది. అయితే ఆ 3 స్లాట్ మీద చెక్కిన అంకె కాదు, మెషీన్ మొదలైనప్పుడు లెక్కపెట్టి ఇచ్చింది. కొత్తగా గ్రాఫిక్స్ కార్డో, ఎన్‌వీఎమ్‌ఈ డిస్కో చేరిస్తే 3 కాస్తా 4 కావచ్చు. వీధి మొదట్లో కొత్త ఇల్లు లేచిందని మన నంబరు జరిగినట్టు. మదర్‌బోర్డు మీది పోర్టుకు ఫర్మ్‌వేర్ ఇచ్చే ఈఎన్‌ఓ1 లాంటి పేరును ఇంతకంటే ఎక్కువ నమ్మవచ్చు.

2011లో సోలారిస్ 11 వంశాన్నీ చోటునీ వదిలి నెట్0, నెట్1 అనేసింది. నా మొగ్గు ఇటువైపే, ఇంకో అడుగు ముందుకు. పేరు కార్డు చేసే పనిని చెప్పాలి. లినక్స్‌లో ఒక .లింక్ ఫైలు, ఫ్రీబీఎస్‌డీలో ఆర్‌సీ.కాన్ఫ్‌లో ఒక్క వరస ఇందుకు చాలు. కార్డు మారితే దిద్దాల్సింది అక్కడే, ఫైర్‌వాల్ జోలికి పోనక్కర్లేదు. లినక్స్ కర్నెల్ పేరుకు 15 అక్షరాలే ఇస్తుంది. లోపల0, బయట0 అని ఇంగ్లిషు లిపిలో రాసుకున్నా ఇంకా చోటు మిగులుతుంది.