రాబట్టవలసిన జవాబు

బీఈడీలో మాకు పాఠ్యపథకం రాయడం నేర్పారు. తెల్లకాగితం మీద నిలువు గీతలు కొట్టి గడులు చెయ్యాలి. ఒక గడిలో టీచరు అడిగే ప్రశ్న, పక్క గడిలో పిల్లల నుంచి రాబట్టవలసిన జవాబు. పిల్లోడి మొహం చూడకముందే వాడేం చెప్పాలో మనమే రాసుకోవాలన్నమాట. ముప్పై నాలుగేళ్ళు పంతులుగిరీ చేసి 2020లో దిగిపోయాను. ఉపాధ్యాయ శిక్షణ మీద నా విమర్శ ఈ రోజుకీ ఆ రెండో గడి కాడే ఆగి ఉంది.

మాది కృష్ణా డెల్టాలో కాలవగట్టు మీద మాదిగ గూడెం. మా అయ్య పాలేరు. మాయమ్మ ఊడ్పులకీ కోతలకీ పోయేది. 1984లో బెజవాడలో బీఈడీ సీటొస్తే కృష్ణలంకలో నలుగురం కలిసి ఒక గది తీసుకున్నాం. కాలేజీ పేరు చెప్పను. వేరే కాలేజీల్లో చదివిన మావాళ్ళు చెప్పిందీ ఇట్టాగే ఉంది మరి.

ప్రాక్టీసు టీచింగుకి బందరు రోడ్డు మీద ఒక ఊరి హైస్కూలుకి పంపారు. ఆరో తరగతి, సైన్సు, పాఠం నీరు. ముందు పూర్వజ్ఞాన పరిశీలన చెయ్యాలి. అంటే పిల్లలకి ఇంతకు ముందే ఏం తెలుసో కనుక్కోవడం. ‘మీ ఇంటికి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి?’ అన్నది నా మొదటి ప్రశ్న. రెండో గడిలో బావి, చెరువు, కాలవ, కుళాయి అని రాసుకున్నాను. ముందు బెంచీలోళ్ళు టకటకా చెప్పేశారు. ఆఖరున కూచున్న ఒక పిల్లని లేపాను. ఎక్కడి పిల్లో చూడగానే తెలిసింది నాకు.

“చెరువు కాడ నిలబడతాం సార్. ఊళ్ళోవాళ్ళెవరన్నా మా బిందెలో పోస్తే తెచ్చుకుంటాం” అంది.

క్లాసంతా నవ్వింది. నాకు నోరు పెగల్లేదు. మాయమ్మా అట్టాగే బిందె పట్టుకుని నిలబడేది. ఆ మాట అక్కడే చెప్పాల్సింది. చెప్పలేదు. ‘కూచో’ అనేసి బోర్డు మీద ‘నీటి వనరులు’ అని శీర్షికా ప్రకటన చేశాను. వెనకాల కూచున్న పరిశీలకుడు నా రికార్డులో ఎర్రసిరాతో రాశాడు: అనవసర సమాధానం, ఆశించిన జవాబు రాబట్టలేకపోయారు.

ఆ తర్వాత కొద్ది నెలలకే, 1985 జులై 17న, కారంచేడు. ఆరుగురు మాదిగల్ని చంపారు. ఆడవాళ్ళని చెరిచారు. గొడవ ఎక్కడ మొదలైంది? మాదిగలు తాగే నీళ్ళ చెరువు కాడ. మా తాగే నీళ్ళు పాడుచెయ్యొద్దన్న మాట కాడ. పేపర్లో ఆ వార్త చదువుతుంటే నాకు ఆ ఆరో తరగతి పిల్ల గొంతే వినపడింది. నీళ్ళ గురించి ఆ క్లాసులో అందరికన్నా ఎక్కువ తెలిసిన పిల్ల ఆమె. మా శిక్షణ ఆమె జ్ఞానానికి పెట్టిన పేరు అనవసరం!

సైకాలజీ పేపర్లో వైయక్తిక భేదాలని ఒక అధ్యాయం ఉండేది. ఎత్తు, బరువు, తెలివి, అభిరుచి, ఉద్వేగం అన్నీ భేదాలే. కులం మాత్రం భేదం కాదు. ఆ పక్కనే వెనుకబడిన శిశువు అని ఇంకోటి. వాడు వెనకబడ్డానికి కారణాలు: పేదరికం, తల్లిదండ్రుల నిరక్షరాస్యత, ఇంటి వాతావరణం. పరీక్షకి బట్టీపట్టి నేనూ రాశాను. ఆ కారణాలన్నీ పిల్లోడింట్లోనే ఉన్నాయి. బడిలో ఒక్కటీ లేదు. పంతులు దగ్గర అసలే లేదు. మా అయ్య వేలిముద్రే నా వెనకబాటుకి కారణమని సొంత చేత్తో రాసి పాసైనవాణ్ణి నేను.

హంటర్ కమిషన్ సిఫార్సులు వివరింపుము అని ఏటా ప్రశ్న వచ్చేది. 1882లో ఆ కమిషన్‌కే జోతిబా ఫూలే వాఙ్మూలం ఇచ్చాడు. ప్రాథమిక బడుల్లో శిక్షణ పొందిన పంతుళ్ళు కావాలనీ, వాళ్ళు సేద్యం చేసే కులాల్లోంచి రావాలనీ, ఎడంగా ఉండే బ్రాహ్మణ పంతులుకన్నా అట్టాంటివాళ్ళకే పిల్లల అవసరాలు తెలుస్తాయనీ అన్నాడు. అంటరాని పిల్లల్ని మిగతా బళ్ళల్లోకి రానియ్యడం లేదనీ అన్నాడు. కమిషన్ మా సిలబస్‌లో ఉంది, ఫూలే లేడు. రూసో ఉన్నాడు, ఫ్రోబెల్ ఉన్నాడు. గుర్రం జాషువా గుంటూరులో లూథరన్ మిషన్ వాళ్ళ ఉపాధ్యాయ శిక్షణాలయంలో ఏళ్ళ తరబడి పనిచేశాడని, అంటే పంతుళ్ళకే పంతులని, నాకు ఉద్యోగం వచ్చాక ఎప్పుడో తెలిసింది.

ఇంతా చెప్పి నా సంగతి దాచుకుంటే తప్పు. 1986లో సెకండరీ గ్రేడ్ టీచరుగా చేరాను. మా గూడెం లాంటి గూడెమే ఆ ఊళ్ళోనూ. మూడో తరగతిలో ఒకడు జులైలో కాలవలకి నీళ్ళొదలగానే మాయమయ్యేవాడు. మళ్ళీ ఫిబ్రవరిలో మాయం. వాడి కార్డు మీద ‘క్రమం తప్పక రావలెను, శ్రద్ధ లేదు’ అని రాశాను. వాళ్ళమ్మ ఆ కార్డు చదివించుకుని బడికొచ్చింది. “నీకు తెలవదా సారూ? నువ్వూ మీ అమ్మెనకాల ఊడ్పుకి పోయినోడివేగా” అంది.

ఆ రాత్రి నా వార్షిక పథకం తీసి చూసుకున్నాను. దసరా ఉంది, సంక్రాంతి ఉంది, క్వార్టర్లీ, హాఫియర్లీ ఉన్నాయి. ఊడ్పులు లేవు. కుప్పనూర్పిళ్ళు లేవు. పరీక్షల ముందు వచ్చే మినప తీత లేదు. డెల్టాలో పుట్టి ఊడ్పులో బురద తొక్కినవాణ్ణి, నాకే ఆ కేలెండరు గుర్తు రాలేదు. శిక్షణ నామీద బాగానే పనిచేసిందన్నమాట! తర్వాతేడు నుంచి ఆ పనులన్నీ పథకంలో రాసి, కష్టమైన లెక్కల్ని ఆ వారాల నుంచి తప్పించి, సాయంత్రాలు గూడెంలో దీపం పెట్టి చెప్పాను. కొందరొచ్చారు, కొందరు అలిసిపోయి నిద్రపోయారు. వాడు ఏడు దాకా చదివి మానేశాడు.

1980ల్లో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో ప్రాథమిక విద్యా పథకం మొదలై రాష్ట్రమంతా పాకింది. ఆరు సూత్రాలు. చేస్తూ నేర్చుకోవడం, జట్టు పని, పిల్లల పనుల్ని గోడల మీద ప్రదర్శించడం, ఇట్టాంటివి. మంచివే. బెత్తం పక్కన పెట్టించినంత మేలు చేశాయి. వాటిలో స్థానిక పరిసరాలను వాడుకోవడం ఒక సూత్రం. నేనూ చార్టు గీశాను. గుడి, పోస్టాఫీసు, పంచాయితీ, చెరువు, బ్యాంకు. గోడకి తగిలించాక ఒక పిల్ల ‘మనిల్లేది సార్?’ అంది. డెల్టా ఊళ్ళో స్థానిక పరిసరం అంటే ఒకటి కాదు, రెండు. సూత్రం రాసినవాళ్ళకి తెలియకపోవచ్చు. గీసిన నాకు తెలుసుగా!

2015 నుంచి బీఈడీ రెండేళ్ళు చేశారు. అసమానత, వివక్ష అన్న మాటలు ఇప్పుడు పుస్తకాల్లోకి వచ్చాయి. పోరాటాల వల్లే వచ్చాయి, కాదనను. 2020 జాతీయ విద్యా విధానం మాత్రం సామాజిక, ఆర్థికంగా వెనుకబడిన సమూహాలని ఒక పెద్ద సంచి కుట్టింది. ఆడపిల్లలు, ఎస్సీలు, ఎస్టీలు, మైనారిటీలు, వలస కూలీలు, తక్కువ ఆదాయం వాళ్ళు అందరూ అందులోనే. ‘పెద్దకులాల్లో పేదోళ్ళు లేరా మాస్టారూ?’ అని స్టాఫ్ రూముల్లో ఎన్నిసార్లు విన్నానో. ఉన్నారు. వాళ్ళ పిల్లోడికీ ఆకలి ఉంది, ఫీజు కట్టలేని బాధ ఉంది, వాడికీ సాయం చెయ్యాల్సిందే. కానీ వాడికి చెరువు మెట్టుంది. ఆదాయం ఒక్కటే కొలిచే టీచరుకి ఆ మెట్టు కనపడదు. మధ్యాహ్న భోజనంలో ఎవరు ఎక్కడ కూచుంటున్నారో కనపడదు. చీపురు ఎవరి చేతికిస్తున్నాడో తన చెయ్యే తనకి కనపడదు.

మొన్న మా తమ్ముడి కూతురొచ్చింది. డీఎడ్ చేస్తోంది. పరిసరాల విజ్ఞానం, మూడో తరగతి, నీరు. అదే పాఠం. గడులూ అవే. నేను ఆ పిల్ల సంగతి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పెన్సిలుతో మొదటి గడిలో ‘మీ ఇంటికి నీళ్ళు ఎవరు తెస్తారు? తెచ్చే చోట మిమ్మల్ని ఎవరన్నా ఏమన్నా అంటారా?’ అని రాసి, రెండో గడి ఖాళీగా వదిలేసింది.

పొద్దున కాలేజీకి పోతూ మళ్ళీ తీసింది. “ఖాళీగా ఉంటే మార్కులు కోస్తారు పెదనాన్నా” అంటూ బోరింగు, చెరువు, కుళాయి, నీళ్ళ టిన్ను అని గబగబా రాసుకుని పోయింది. నేనేమీ అనలేదు.